కట్టె ఇల్లు కట్టుకుందామా? ముందు గ్రామసభలో కూర్చుందాం



మన పిల్లలు, పెద్దలు కూర్చున్న కాడ నేను మాట్లాడిన మాటలివి. రాలేకపోయిన వాళ్లు చాలామంది అడిగిండ్రు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్న. చదివి మీ పెంటలో, మీ గూడెంలో నలుగురికి వినిపించండి.

ఈ మధ్య ఎక్కడ నలుగురు కూడినా మాట ఇంటి మీదికే వస్తున్నది. లిస్టులో పేరు వచ్చిందా? పునాది తీసినవా? ఇసుక దొరికిందా? బిల్లు పడ్డదా? అప్పాపూర్ దిక్కు పోయినా, మేడిమల్కల దిక్కు పోయినా, కింద లింగాల, బల్మూరు దిక్కు వచ్చినా ఇదే ముచ్చట. ఇల్లు రావాలె, అది మన హక్కు. అందులో రెండో మాట లేదు. నేను అడిగేది ఒక్కటే. వచ్చే ఇల్లు దేనితో కట్టాలె? సిమెంటు, ఇనుము తప్ప వేరే దారి లేదా? గుంజలు, దూలాలు, వెదురుతో గట్టి ఇల్లు కట్టుకుంటే ఏమైతది? చట్టం ఒప్పుకుంటదా? పైసలు ఇస్తరా? వానకు, గాలికి నిలబడతదా?

ఈ నాలుగు ప్రశ్నలు ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు కట్టె ఇల్లు అంటే ఏందో చెప్పుకుందాం. కప్పు బరువంతా గుంజలు, దూలాలు మోసే ఇల్లు అది. గోడ ఉండేది చలికి, గాలికి, జంతువుకు అడ్డం కోసం. గోడ మొత్తం తీసేసినా ఇల్లు నిలబడాలె. ఈ పని మనకు కొత్తది కాదు. నడుమ నిట్టాడి, చుట్టూ గుంజలు, వెదురు దబ్బలతో అల్లిన తడిక, పైన వాసాలు, బోద గడ్డి. మన తాతలు కట్టింది ఇదే. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ గుట్టల మీద మన పెంటల్లో తిరిగి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చేయించిండు. గుండ్రటి తడిక గోడ, మొనదేలిన గడ్డి కప్పు ఉన్న మన ఇండ్ల గురించి అందులో రాసిండు. చదువుకున్న మనం ఆ పుస్తకం చూసి తెలుసుకోవాల్సి వస్తున్నది. కానీ ఆ పని చేతులకు తెలిసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నరు. వాళ్లు ఉండంగనే అడిగి నేర్చుకోవాలె.

ఇది అడవిలో మాత్రమే ఉన్న పని అనుకోకండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మైదాన ఊర్లలో ఉన్న మిద్దెలు చూడండి. కంబాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద చెక్కలు, ఆ పైన మందంగా మట్టి. పాలమూరు మిద్దె కూడా లోపల కట్టె ఇల్లే. ఎండాకాలం లోపల చల్లగ ఉంటదని ఎవరినడిగినా చెప్తరు.

అయితే ఆ మిద్దెల కిందే మనుషులు చచ్చిపోతున్నరు. ఈ మాట దాచిపెట్టి కట్టె ఇంటి గొప్పలు చెప్తే అది మోసం. 2020 అక్టోబరు వానలకు వనపర్తి జిల్లా బుద్దారంలో మిద్దె కూలి ఒకే కుటుంబంలో ఐదుగురు పోయిండ్రు. 2024 జులైలో నాగర్‌కర్నూల్ పక్కన వనపట్లలో రాత్రి మిద్దె కూలి తల్లి, ముగ్గురు పిల్లలు పోయిండ్రు. అట్లాంటి వార్త వచ్చినప్పుడల్లా జనం ఏమంటరు? "పాత ఇండ్లు, మట్టి ఇండ్లు, కట్టె ఇండ్లు అంతే" అంటరు. అందుకే మిద్దె ఎందుకు కూలుతదో మనం తెలుసుకోవాలె.

కురవకుండ ఉండాలని ఏటేటా పైన కొత్త మట్టి పోస్తరు. పాత మట్టి తియ్యరు. పదేండ్లకు, ఇరవై ఏండ్లకు కప్పు బరువు ఎక్కువైతది. దూలం చివర గోడలో పూడ్చి ఉంటది. అక్కడ తడి ఆరదు. చెద పట్టినా, కుళ్లినా బయటికి కనపడదు. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే పైనున్న మట్టి నీళ్లు తాగి ఇంకా బరువెక్కుతది. కింద గోడ నాని మెత్తబడతది. చివర కుళ్లిన దూలం జారిందంటే కప్పంతా ఒక్కసారి పండుకున్నోళ్ల మీద పడతది.

దీన్నుంచి మనం తీసుకోవాల్సింది మూడు ముక్కలు. కప్పు తేలికగ ఉండాలె. కట్టె చివరలు గోడలో పూడిపోకుండ, కంటికి కనపడేటట్టు, గాలి ఆడేటట్టు ఉండాలె. గుంజ మట్టిలో పాతకుండ బండ మీద నిలబెట్టాలె. మన పాత గుడిసెలకు మొదటి రెండు గుణాలు ఉండె. గుంజ మట్టిలో పాతుడే వాటికి లోటు. అందుకే కొన్నేండ్లకోసారి మార్చాల్సి వచ్చేది. అప్పట్ల పెంట జరిగేది, అడవిలో కట్టె ఉండేది, మారిస్తే నడిచింది. ఇప్పుడు మన బతుకు అట్ల లేదు. ఒక్కసారి కడితే పిల్లల కాలం దాకా ఉండాలె.

ఇగ రెండో ప్రశ్న, చట్టం. ఇక్కడ జాగ్రత్తగ వినండి. మనం ఉన్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వులో. 2,611 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ ఒక్క టేకు వాసం ఇంట్లో దొరికినా కేసు అయితది. నా మాట విని ఎవరూ రేపు గొడ్డలి పట్టుకొని పోవద్దు.

2006 అటవీ హక్కుల చట్టం ఏమంటదో చూద్దాం. సెక్షన్ 2లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులు అంటే ఏవో రాసిండ్రు. తేనె, మైనం, తునికాకు, దుంపలు, మందు మొక్కలతో పాటు వెదురు కూడా అందులో ఉంది. పాత కాలంలో వెదురును కలప లెక్కన చూసి మనల్ని ఆపేటోళ్లు. ఈ చట్టం దాన్ని మన హక్కు చేసింది. సెక్షన్ 3(1)(సి) కింద ఏరుకునుడు, వాడుకునుడు, అమ్ముకునుడు మన హక్కు. 2012లో నియమాలు మార్చినప్పుడు, వీటిని తీసుకపోయే పర్మిట్ ఇచ్చే పని గ్రామసభ కింద ఉండే కమిటీకి అప్పజెప్పిండ్రు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా-లేఖా అనే గోండు ఊరు ఉంది. 2009లో సాముదాయిక అటవీ హక్కు పత్రం తెచ్చుకున్నది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ స్వయంగ ఆ ఊరికి పోయి వెదురు పర్మిట్ల పుస్తకం గ్రామసభ చేతిల పెట్టిండు. అక్కడ అయింది ఇక్కడ కావద్దని చట్టంలో ఎక్కడా లేదు. హక్కు పత్రం చేతిల ఉండుడే ముఖ్యం. మన పెంటల్లో వ్యక్తిగత పట్టా ఉన్నోళ్లు ఉన్నరు. సాముదాయిక హక్కు కోసం ఫారం-బి, అడవి వనరుల మీద హక్కు కోసం ఫారం-సి మీ పెంట పెట్టిందా లేదా? ఇంటికి పోయినంక ముందు ఇది అడగండి.

మరి దూలాలకు కావాల్సిన మద్ది, ఏగిస, టేకు? కలప చిన్నతరహా ఉత్పత్తి కాదు. సెక్షన్ 2లో దానికి చోటు లేదు. కానీ సెక్షన్ 3(1)(బి)లో ఇంకో మాట ఉంది. పాత సంస్థానాల్లో, జమీందారీల్లో జనం వాడుకున్న నిస్తార్ లాంటి సాముదాయిక హక్కులు, ఏ పేరుతో పిలిచినా సరే, అవి హక్కులే అని రాసిండ్రు. అమ్రాబాద్ నిజాం సంస్థానంలోదే. ఇంటి గుంజలకు, నాగలికి అడవి కట్టె వాడుకున్న సంగతి పెద్దల నోట వాంగ్మూలంగ రాయించి ఫారం-బిలో పెట్టొచ్చు. వస్తదో రాదో నేను హామీ ఇయ్యను. అడగకుండనే రాదని మాత్రం చెప్తున్న.

ఇంకో సంగతి చూడండి. ఇదే చట్టం సెక్షన్ 3(2)లో బడికి, అంగన్‌వాడీకి, రోడ్డుకి, కరెంటు లైనుకి, సామాజిక కేంద్రానికి అటవీ భూమి ఇయ్యొచ్చని ఉంది. ఒక్కోటి హెక్టారు లోపల, హెక్టారుకు 75 చెట్ల దాకా కొట్టొచ్చు, గ్రామసభ సిఫారసు ఉండాలె. మొత్తం 13 రకాల పనులు. ఆ 13లో మనిషి ఉండే ఇల్లు లేదు.

అయితే ఇప్పటికిప్పుడు దూలాలు ఎక్కడివి? రెండు దారులు ఉన్నయి. మొదటిది, మైదాన ఊర్లలో పాత మిద్దెలు పడగొడుతున్నరు. ఆ దూలాలు, దంతెలు, కంబాలు అమ్ముతరు. వాటిలో యాభై ఏండ్లు ఆరిన గట్టి కట్టె ఉంటది. కుళ్లిన చివర కోసేసి వాడుకోవచ్చు. రెండోది, పొలాల్లో పంటలా పెంచిన సరుగుడు, జామాయిల్ గుంజలు. ఏది కొన్నా రసీదు రాయించుకోండి. ఎవరి ఇంటి నుంచి తీసిన కట్టె, ఎన్ని ముక్కలు, ఎంత పొడుగు, అన్నీ ఉండాలె. చెక్‌పోస్టు దాటే ముందు పర్మిట్ కావాల్నో అడిగి కాగితం చేతిల పట్టుకోండి. సొంత పట్టా భూమిలో చెట్టు అయినా వాల్టా చట్టం కింద అనుమతి అడిగే కొట్టాలె. వనపర్తి, గద్వాల దిక్కు ఊరి శివార్లలో ఉన్న మన కుటుంబాలకు అడవి దూరం. వాళ్లకు ఈ రెండు దారులే దిక్కు.

మూడో ప్రశ్న, పైసలు. 2023 నవంబరు 15న కేంద్రం పీఎం-జన్‌మన్ మొదలుపెట్టింది. దేశంలో 75 తెగలకు వర్తిస్తది. మన రాష్ట్రంలో చెంచులు, కోలాములు, తోటీలు, కొండరెడ్లు ఉన్నరు. ఇంటికి 2 లక్షలు. మరుగుదొడ్డి, ఉపాధి కూలి కలిపి లెక్కేస్తే 2.39 లక్షలు. రాష్ట్రం ఇందిరమ్మ ఇండ్లకు 5 లక్షలు ఇస్తది. పునాది, గోడలు, స్లాబు, పూర్తి అని నాలుగు మెట్లలో బిల్లు పడతది. కనీసం 400 చదరపు అడుగులు, పైన ఆర్‌సీసీ కప్పు ఉండాలె. ఇందిరమ్మలో కట్టె కప్పు వేస్తే స్లాబు బిల్లు ఎట్ల పడతది? ఇప్పుడున్న రూలు ప్రకారం పడదు.

కానీ కేంద్రం గ్రామీణ ఇండ్ల మార్గదర్శకాల్లో పక్కా ఇల్లు అంటే ఏందో చదవండి. మామూలు వాడకాన్ని, ఎండ వానల్ని తట్టుకొని, సరిగ్గ చూసుకుంటే కనీసం 30 ఏండ్లు నిలబడే ఇల్లు. అంతే. కనీసం 25 చదరపు మీటర్లు, వంటకు జాగా. ఆ రాతలో స్లాబే ఉండాలన్న మాట లేదు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ అక్కడక్కడి మట్టి, రాయి, వెదురు, కట్టెతో కట్టే ఇండ్ల నమూనాలను 'పహల్' అనే పేరుతో పుస్తకంగ కూడా తెచ్చింది. 2016 జాతీయ భవన నియమావళిలో కలపకు, వెదురుకు విడిగ భాగాలు ఉన్నయి. కాబట్టి "కట్టె ఇల్లంటే కచ్చా ఇల్లు" అని ఎవరన్నా అంటే, ఆ మాట ఏ కాగితంలో ఉందో చూపెట్టమని అడిగే హక్కు మనకు ఉంది.

లోపలి పెంటల్లో సిమెంటు ఇంటి లెక్క కూడా ఒకసారి వెయ్యండి. సిమెంటు బస్తా అచ్చంపేటలో ఒక ధర. బండి బాట లేని పెంటకు చేరేసరికి ఇంకో ధర. ఇసుక, కంకర, ఇనుము, నీళ్లు, మేస్త్రీ, అన్నీ బయటి నుంచే రావాలె. ప్రతి బండికి గేటు కాడ అనుమతి కావాలె. పట్నం పక్క ఊరికీ, కోర్ ఏరియా పెంటకూ యూనిట్ ధర ఒక్కటే. గోడల కాడ ఆగిపోయిన ఇండ్లు ఎందుకు ఆగినయో ఇందులోనే ఉంది. ఇంటోళ్లు సోమరులని ఎవరన్నా అంటే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

నాలుగో ప్రశ్న, ఇల్లు నిలబడుడు. పెద్దలను, పని తెలిసినోళ్లను అడిగి నేను రాసుకున్నది చెప్తున్న. మోకాలెత్తు దాకా రాతి కట్టడం. దాని మీద బండలు, బండ మీద గుంజ. గుంజకు, బండకు మధ్య ఇనుప పట్టీ పెట్టి బిగించాలె, లేకుంటే గాలికి లేస్తది. మూలమూలకు ఏటవాలు కట్టె తప్పకుండ ఉండాలె. అది లేకుంటే ఇల్లు పక్కకు ఒరుగుతది. గోడకు వెదురు తడిక, రెండు దిక్కులా మట్టి, పైన సున్నం. కప్పుకు పెంకులు, చూరు గోడ దాటి మూడడుగులు బయటికి. కట్టెకు, మట్టి గోడకు గొడుగు పట్టేది ఆ చూరే. గడ్డి చల్లగ ఉంటది, కానీ నిప్పు భయం ఉంది. వంటిల్లు ఉన్న దిక్కు పెంకులే మేలు.

వెదురు మూడేండ్లు దాటింది కావాలె. లేతది కొడితే పురుగు పిండి చేస్తది. వానలు పోయి చలి మొదలైనంక కొట్టాలె. పారే నీళ్లలో కొన్ని వారాలు నానబెట్టి, నీడకు నిలబెట్టి ఆరబెట్టాలె. దొరికితే బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టించాలె. వెదురుకు మొల కొడితే చీలుతది. బొక్క చేసి బోల్టు వెయ్యాలె, లేదా కట్టాలె. ఏటా వానలకు ముందు ఒక పూట ఇల్లంతా చూడాలె. ఎక్కడన్నా చెద మట్టి పాకిందా, కట్టె తడిసిందా, కట్టు వదులైందా. 30 ఏండ్లు నిలబెట్టేది ఆ ఒక్క పూట చూపే.

ఈ మాటలు చెప్తుంటే ఒక పెద్దమ్మ లేచి అడిగింది. "నువ్వు పట్నంల స్లాబు కింద పండి చదువుకొని వచ్చినవ్. మమ్మల్ని మల్ల గుడిసెల పండుమంటున్నవా బిడ్డా?" అందరూ నవ్విండ్రు. నాకు నవ్వు రాలే. ఆమె అడిగింది న్యాయం. మనకు స్లాబు అంటే ఇల్లు ఒక్కటే కాదు. కింద ఊరోళ్ల ముందు తల ఎత్తుకునే గౌరవం. రాత్రి వాన వస్తే పిల్లను ఏ మూలన పండబెట్టాలె అని లేవకుండ ఉండుడు. "మీ సంప్రదాయం, మీ గుడిసె బాగుంది" అని ఫొటో దిగి పోయేటోళ్లు చాలామందే వచ్చిండ్రు. కరెంటు, రోడ్డు, బోరు అడిగితే అదే సంప్రదాయం పేరు చెప్పి ఆపినోళ్లూ ఉన్నరు.

అందుకే ఆమెకు నేను చెప్పిన జవాబు ఇది. పెద్దమ్మా, నీకు స్లాబు కావాలంటే స్లాబే రావాలె, చివరి బిల్లు దాకా నీతో తిరుగుతా. కట్టె ఇల్లు కావాలనుకునే కుటుంబానికి కూడా అంతే పైసలు, అంతే గౌరవం రావాలె. ఎంచుకునేది మనం. ఎంచుకునే జాగా గ్రామసభ.

ఇంకో భయం చాలామంది లోపల ఉంది, బయటికి చెప్పరు. కట్టె ఇల్లయితే రేపు ఖాళీ చెయ్యమంటే సులువుగ పీకేస్తరని. స్లాబు ఉంటే మనం ఇక్కడే ఉన్నట్టు రుజువని. కుటుంబానికి 15 లక్షల పునరావాస ప్యాకేజీ మాట వినపడినప్పటి నుంచి ఈ భయం పెరిగింది. చట్టం ఏమంటదో తెలుసుకోండి. అటవీ హక్కుల నియమాల్లో 13వ నియమం రుజువుల గురించి. అందులో ఇండ్లతో పాటు గుడిసెలు కూడా రుజువే అని రాసి ఉంది. గుడిసె పునాది బండ కూడా మన తరఫున సాక్ష్యం చెప్తది. సెక్షన్ 4(5) ప్రకారం హక్కుల గుర్తింపు పూర్తి కానిదే ఎవరినీ ఖాళీ చేయించొద్దు. మనల్ని నిలబెట్టేది హక్కు పత్రం. అది లేకుంటే స్లాబు ఉన్నా భయమే.

ఇప్పుడు ఏం చేద్దాం?

మీ పెంటలో గ్రామసభ పెట్టండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో పెసా చట్టం ప్రకారం పెంట స్థాయిలోనే గ్రామసభ జరపొచ్చు. అటవీ హక్కుల సభ అయితే సగం మంది ఉండాలె, వచ్చినోళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలె. సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. మూడు తీర్మానాలు రాయండి. ఒకటి, ఎన్ని కుటుంబాలకు స్లాబు ఇల్లు కావాలె, ఎన్నింటికి కట్టె-వెదురు ఇల్లు కావాలె. రెండు, వెదురు మీద, ఇంటి కట్టె మీద సాముదాయిక హక్కు కోసం ఫారం-బి. మూడు, లోపలి పెంటలకు సామాను మోసే ఖర్చు యూనిట్ ధరలో కలపాలని.

ఈ తీర్మానాలు మన్ననూర్ ఐటీడీఏకు, కలెక్టర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్క ప్రశ్న రాతపూర్వకంగ అడగండి: 30 ఏండ్లు నిలబడే కట్టె-వెదురు ఇంటికి మంజూరు ఇస్తరా? ఇయ్యకుంటే ఏ నిబంధన కింద ఇయ్యరు? నోటి జవాబు తీసుకొని వెనక్కి రావద్దు.

ఆ జవాబు వచ్చేలోపల చలికాలం వస్తది, వెదురు కొట్టే కాలం. హక్కు పత్రం ఉన్న ఒక్క పెంటలోనైనా ఒక్క ఇల్లు కట్టి చూద్దాం. ప్రతి ఖర్చు రాసి పెడదాం. పెద్దలు చెప్పాలె, పిల్లలు చెయ్యాలె. ఇంజనీరింగ్, ఐటీఐ చదివిన మన తమ్ముళ్లు, చెల్లెళ్లు వచ్చి కొలతలు తీసి బొమ్మ గీయండి. ఒక వానాకాలం ఆ ఇంటి మీద పోనియ్యండి. నిలబడితే రెండోది కడదాం. లోటు కనపడితే సరిచేసి కడదాం. అప్పుడు ఆఫీసు ముందు మనం పెట్టేది మాట కాదు, ఇల్లు.

జై ఆదివాసీ. జోహార్.